నటన కాని వ్యాధి

భరతముని నాట్యశాస్త్రమున ఎనిమిది సాత్త్విక భావములను పేర్కొనెను. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అనునవి ఆ ఎనిమిది. అలంకారశాస్త్రము పాఠ్యముగా చదివిన ప్రతి విద్యార్థియు వీనిని పరీక్షకై కంఠస్థము చేసినవాడే. అవయవములు కదలక నిలిచిపోవుట స్తంభము. గొంతు పెగలకపోవుట స్వరభేదము. మేను వణకుట వేపథువు. తెలివి తప్పి నేలకొరగుట ప్రళయము. ఈ నాలుగింటిని ఒక కాగితముపై వ్రాసి, దాని ప్రక్కన నేటి నాడీవైద్యుడు వ్రాసిన చీటీని పెట్టి చూచినచో ఒక వింత కానవచ్చును. కాలో చేయో పడిపోవుట, మాట పోవుట, ఆగని వణకు, మూర్ఛను పోలిన మూర్ఛ: ఒకానొక వ్యాధికి ముఖ్య లక్షణములు ఇంచుమించుగా ఇవియే.

ఆ వ్యాధికి వైద్యులు నేడు పెట్టిన పేరు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్. తెలుగున నాడీక్రియాలోపము అనవచ్చును. మెదడునందు గడ్డ లేదు, రక్తనాళము చిట్లలేదు, వెన్నుపాము నలగలేదు. నిర్మాణమంతయు చెక్కుచెదరక ఉన్నది, క్రియ మాత్రము తప్పినది. అట్లని అది లేని వ్యాధి కాదు. కదలని కాలు నిజముగనే కదలదు. పడిపోయిన మనిషి నిజముగనే పడిపోవును. దెబ్బలు తగులును, పనులు పోవును, చదువులు ఆగును.

ఇది అరుదైనదా యనిన, కాదు. స్కాట్లండు దేశమున నాడీవైద్యశాలలకు కొత్తగా వచ్చిన 3,781 మంది రోగులను పరిశీలించి 2010లో ప్రకటించిన లెక్కలలో, తలనొప్పి తరువాత రెండవ స్థానము ఈ తరగతి లక్షణములదే. నూటికి పదునారుగురు ఇట్టివారు. ఆడవారిలో ఎక్కువగా కనబడును గాని మగవారిని విడువలేదు, పిల్లలను విడువలేదు.

రాయలసీమ మెట్టభూములలో ఈ వ్యాధి వచ్చినవారి నడక వైద్యుని వాకిటికి నేరుగా సాగదు. పల్లెలో పడుచుపిల్లకు ఉన్నట్లుండి కాలు పడిపోయినది అనుకొందము. మొదట వినబడు మాట ‘గాలి సోకింది’ అని. తాయెత్తు కట్టుదురు, దిష్టి తీయుదురు. తరువాత పక్షవాతమునకు నాటుమందు ఇచ్చువారికడకు తీసికొని పోవుదురు. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు ఒక సెలైను సీసా ఎక్కించును. పిదప పట్టణమున స్కానింగు. దానికై ఇంటనున్న నాలుగు గొర్రెలు అమ్ముడుపోవును, లేదా రానున్న శనగకాయల పంటపై అప్పు పుట్టును. తుదకు కర్నూలు పెద్దాసుపత్రికో కడప రిమ్సుకో చేరుదురు. చేతిలో రిపోర్టుల కట్ట ఉండును. ప్రతి కాగితముమీదను ఒకటే మాట: నార్మల్. అప్పుడు ఎవరో ఒకరు, తొందరలోనో విసుగుతోనో, ‘ఈమెకు ఏమీ లేదమ్మా, పిలుచుకొని పోండి’ అందురు.

‘ఏమీ లేదు’ అను ఆ రెండు మాటలు ఇంటికి చేరునప్పటికి వేరొక అర్థము తెచ్చుకొనును. డాక్టరు చెప్పినది మెదడున గాయము లేదని. ఇంటివారు విన్నది పిల్ల వేషములు వేయుచున్నదని. అత్తగారింట ఉన్నచో పని తప్పించుకొనుటకు అందురు. బడిలో ఉన్నచో పరీక్షకు భయపడి అందురు. నాటివరకు రోగియైన మనిషి ఆనాటినుండి దోషి యగును. ఈ వ్యాధి కలిగించు బాధలో సగము వ్యాధివలన వచ్చునది కాదు. ఈ మాటవలన వచ్చునది.

గాయము లేనిచోట కాలెట్లు పడిపోవును? ఇది న్యాయమైన ప్రశ్నయే. దీనికి జవాబు ఈ రెండు జిల్లాల రైతునకు సులభముగ తెలియును. సుంకేసుల కడ తుంగభద్రనుండి బయలుదేరి కడప వరకు వచ్చు కె.సి. కాలువను అతడు చిన్ననాటినుండి ఎరుగును. చివరి ఆయకట్టుకు నీరందలేదనిన, కారణము రెండు విధములుగ ఉండవచ్చును. గట్టు తెగి ఉండవచ్చును, కాలువ పూడి ఉండవచ్చును. ఇది నిర్మాణదోషము, పోయి చూచినచో కంటికి కనబడును. అట్లుగాక గట్టు గట్టిగనే ఉండి, ఏ తూము ఎప్పుడు ఎత్తవలెనో ఎప్పుడు దింపవలెనో ఆ వరుస తప్పి ఉండవచ్చును. గట్టునకు ఎన్ని ఫొటోలు తీసినను ఈ రెండవ దోషము వానిలో పడదు. అయినను చివరి మడి ఎండుట నిజము. స్కానింగు తీయునది గట్టును. చెడినది తూముల వరుస.

ఈ ఉపమానము నిజమని చూపు పరీక్ష ఒకటి 1908 నుండియు ఉన్నది. అమెరికా వైద్యుడు చార్లెస్ ఫ్రాంక్లిన్ హూవర్ దానిని వివరించెను గనుక హూవర్ చిహ్నమని పేరు. రోగిని వెల్లకిల పరుండబెట్టి, పడిపోయిన కాలి మడమను పరుపునకు అదిమి పట్టుమని చెప్పుదురు. బలము రాదు. తరువాత ఆ మాట విడిచి, బాగున్న రెండవ కాలిని వైద్యుని చేతికి ఎదురుగ పైకెత్తుమందురు. మనిషి ఒక కాలు ఎత్తునప్పుడు రెండవ కాలు తనకు తానుగ క్రిందికి అదుముట శరీరధర్మము. ఆ క్షణమున పడిపోయిన కాలి మడమ క్రింద చేయిపెట్టి చూచినచో, పోయినదనుకొన్న బలము అక్కడనే ఉండును! పూనుకొని కదిలింపబోయిన రాని బలము, పూనిక మరలినప్పుడు తనంత వచ్చును. వణకుకును ఇట్టి పరీక్షయే కలదు. ఒక చేయి వణకుచుండగా రెండవ చేతితో తాళము వేయుమందురు. నాడీక్రియాలోపమువలని వణకు ఆ తాళములో కలిసిపోవును, లేదా కొంతసేపు ఆగును. పార్కిన్సన్ వ్యాధి వణకు సాధారణముగ తన గతి తాను విడువదు.

పూర్వము కొందరు వైద్యులు ఈ పరీక్షను దొంగను పట్టుటకు వాడిరి. ‘చూచితివా, కాలు బాగుగనే ఉన్నది’ అని గద్దించిరి. నేటి వైద్యులు అదే పరీక్షను రోగికి చూపి ఓదార్చుటకు వాడుచున్నారు. ‘చూడమ్మా, నీ కాలిలో సత్తువ పోలేదు. మెదడునుండి కాలికి దారి బాగున్నది. నీవు కదలించబోయినప్పుడు మాత్రము అది అందుట లేదు. ఇది తిరిగి వచ్చునది’ అని చెప్పుదురు. చిహ్నము ఒకటే. చెప్పువాని మనసును బట్టి అది నేరారోపణయు కావచ్చును, ఆశ్వాసమును కావచ్చును.

ఇచ్చట భరతముని మాట మరల అక్కరకు వచ్చును. సాత్త్విక భావములు వట్టి అభినయముచే సాధ్యములు కావనియు, మనస్సు ఏకాగ్రమైనప్పుడే పుట్టుననియు నాట్యశాస్త్రము చెప్పుచున్నది. చేతులు త్రిప్పుట ఎవరైనను చేయగలరు; కన్నీరును గగుర్పాటును కోరినంత తెచ్చుకొనలేరు. శరీరమున ఇచ్ఛకు లోబడని ఒక పొర కలదనియు, దానికిని మనస్సు నిలుచు చోటికిని సంబంధము కలదనియు ఆ ప్రాచీనులు గుర్తించిరి. ఈ వ్యాధిని పరిశోధించువారు నేడు మాటిమాటికి చెప్పునదియు అవధానమును గూర్చియే. రోగి దృష్టి చెడిన అవయవముపై నిలిచినకొలది లక్షణము బలపడును, దృష్టి వేరొకచోటికి పోయిన సడలును. మెదడు చిత్రములు తీసిన పరిశోధకులు 2010లో ఒక సంగతి ప్రకటించిరి. ‘ఈ కదలిక నాది, నేను చేసినది’ అను ఎరుకతో సంబంధముగల మెదడు భాగము ఈ రోగుల వణకు సమయమున తక్కువగ పనిచేయుచున్నదట. కనుక ‘నేను చేయుట లేదు, అదే జరుగుచున్నది’ అని రోగి చెప్పిన మాట బొంకు కాదు. మెదడు వారికి అట్లే తెలుపుచున్నది. నటుడు కోరి తెచ్చుకొనునది అభినయము, వీరికి కోరకయే వచ్చునది వ్యాధి. రెంటిని ఒకటిగ చూచుట శాస్త్రమునకును తగదు, అలంకారశాస్త్రమునకును తగదు.

ఈ వ్యాధి కొత్తది కాదు. ఆయుర్వేద గ్రంథములు అపతంత్రకమని వర్ణించిన రోగమును తరువాతివారు దీనితో పోల్చిరి. తెలుగున ‘సొమ్మ’ అనగా మూర్ఛ. సొమ్మసిల్లుట అను మాట నేటికిని వాడుకలో ఉన్నది. అపస్మారమునకు కాకిసొమ్మ అని పేరు. పడమటి దేశములవారు గర్భాశయమను అర్థముగల గ్రీకు మాటనుండి హిస్టీరియా అను పేరు పుట్టించి, వ్యాధిని ఆడుదాని మెడకు కట్టిరి. 19వ శతాబ్ది చివర పారిసు నగరమున సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో మహాశయుడు, పనివాండ్రయిన మగవారికిని ఇది వచ్చునని చూపెను. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ అనువారు కలిసి వెలువరించిన గ్రంథముతో అణగిన మనోవేదనయే దీనికి మూలమను మతము ప్రబలెను. మొదటి ప్రపంచయుద్ధమున కందకములనుండి వేలకొలది సైనికులు వణకుచు, మాటపోయి తిరిగి వచ్చినప్పుడు, వీరులకును ఇది తప్పదని లోకమునకు తెలిసినది.

మనోవేదన దీనికి తోడ్పడుట నిజమే. కాని ప్రతి రోగికిని ఒక రహస్యదుఃఖము ఉండితీరవలెనను నియమము నేడు లేదు. 2013లో వెలువడిన అమెరికా మనోవైద్యుల వర్గీకరణము ఆ నియమమును తీసివేసినది. కొందరికి జ్వరము తరువాత, కొందరికి కాలు బెణకిన తరువాత, కొందరికి ఏ కారణమును లేకుండ వచ్చును. వానలు లేని ఏడు, మాఫీ కాని అప్పు, వలసపోయిన భర్త: సీమ బ్రతుకులో దుఃఖములకు కొరత లేదు గనుక, వెదకినవారికి ఏదో ఒకటి దొరకుచునే యుండును. దొరకినదంతయు కారణము కాదు. అందుచే నేటి వైద్యుడు పరీక్షలన్నియు శూన్యమని తేలిన పిమ్మట మిగిలిన పేరుగ దీనిని పెట్టడు. హూవర్ చిహ్నము వంటి నిశ్చయమైన గుర్తులు చూచి పెట్టును.

ఈ జాగ్రత్తకు కారణము కలదు. 1965లో లండనునందు ఎలియట్ స్లేటర్ అను వైద్యుడు, హిస్టీరియా అని ముద్రపడిన 85 మందిని సంవత్సరముల తరువాత వెదకి చూడగా, వారిలో పెక్కుమందికి వేరు వ్యాధులు బయటపడెను. ఆ వ్యాసము వైద్యలోకమును భయపెట్టినది. 2005లో పూర్వ పరిశోధనలన్నిటిని కూర్చి చూచినవారు, 1950 ప్రాంతమున నూటికి 29గా ఉన్న ఈ పొరపాటు 1970 తరువాత నూటికి 4కు దిగినదని తేల్చిరి. పొరపాటు తగ్గినది గాని పోలేదు. 2020 డిసెంబరున ఏలూరులో వందలమంది ఉన్నట్లుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, రోగుల రక్తమున సీసము, నికెలు ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో కనబడెను. జనులు గుంపుగ పడిపోయినంత మాత్రమున మనసుమీద నెట్టివేయరాదని ఆ ఉదంతము తెలుపుచున్నది. ఉన్న వ్యాధిని లేదనుట ఎంత తప్పో, వేరు వ్యాధిని ఇదియనుటయు అంత తప్పు. రెండు వ్యాధులు ఒకే మనిషిలో కలిసియుండుటయు కద్దు. అసలు మూర్ఛరోగము, మూర్ఛను పోలినది రెండును ఉన్నవారు కొందరు ఉందురు.

మూర్ఛల సంగతి విడిగ చెప్పదగినది. ఈ రెండింటిని కంటితో చూచి వేరుపరచుట కష్టము. అసలు మూర్ఛలో తరచు కన్నులు తెరచి యుండును, రెండు మూడు నిమిషములలో ముగియును. రెండవదానిలో తరచు కన్నులు మూసికొని యుండును, చాలసేపు సాగును, నడుమ తగ్గి మరల హెచ్చును. ఏ ఒక్క గుర్తును చాలదు. పడిపోవుచుండగా మెదడు విద్యుత్తును, మనిషి రూపమును ఒకేసారి నమోదుచేయు వీడియో ఈ.ఈ.జీ. పరీక్షయే గట్టి ప్రమాణము. అది లేనిచోట ఇంటివారు సెల్ఫోనుతో తీసిన చిత్రము వైద్యునికి వేయిమాటల పెట్టు. మూర్ఛ ఏదైనను చేయవలసినది ఒకటే. చేతిలో తాళపుచెవులు పెట్టరాదు, నోట నీళ్ళు పోయరాదు, కాళ్ళుచేతులు అదిమి పట్టరాదు. ప్రక్కకు త్రిప్పి, తలక్రింద మెత్తనిది ఉంచి, కనిపెట్టుకొని యుండవలెను. అయిదు నిమిషములు దాటినను ఆగనిచో ఆసుపత్రికి చేర్చవలెను. తెలియక రెండవ తరగతివారికి ఏండ్ల తరబడి మూర్ఛమాత్రలు ఇచ్చుట కలదు. ఆ మాత్రలు ఆ మూర్ఛను ఆపవు. మత్తును, ఇతర బాధలను మాత్రము తెచ్చిపెట్టును.

చికిత్స ఎట్టిది? మొదటి మందు మాట. వ్యాధికి పేరున్నదని, అది నిజమని, పలువురికి వచ్చునని, తగ్గుటకు అవకాశము కలదని రోగికిని ఇంటివారికిని ఓపికతో చెప్పుట. రెండవది వ్యాయామచికిత్స. కాలిని బలవంతముగ ఎత్తించుట కాదు. దృష్టిని మరల్చి కదలికను రాబట్టుట. నేరుగ నడవలేనివాడు వెనుకకు నడవగలుగును, తాళమునకు అడుగు వేయగలుగును, బంతి విసరుచు నిలువగలుగును. అట్లు దొరకిన కదలికను పట్టుకొని మెల్లగ పెంచుదురు. విరిగిన ఎముకకు కట్టు మేలుచేయును గాని ఈ కాలికి కట్టు కట్టి కదలకుండ ఉంచుట కీడు. మూడవది మనశ్చికిత్స. మూర్ఛ రాబోవు ముందరి గుర్తులను తెలిసికొని మనస్సును నిలుపుకొనుట నేర్పుదురు.

ఈ చికిత్సలను గూర్చి పరిశోధకులు గొప్పలు చెప్పుట లేదు. బ్రిటనులో 368 మంది మూర్ఛరోగులపై జరిగిన పరీక్ష ఫలితములు 2020లో వచ్చెను. మనశ్చికిత్స పొందినవారికి మూర్ఛల సంఖ్య, పొందనివారికంటె చెప్పుకొనదగినంత తగ్గలేదు. కాని బ్రతుకు మెరుగైనదని, బాధ తగ్గినదని వారు చెప్పిరి. కదలిక లోపముగల 355 మందిపై జరిగిన వ్యాయామచికిత్సా పరీక్ష ఫలితములు 2024లో వెలువడెను. ముఖ్యమైన కొలతలో సాధారణ చికిత్సకును దీనికిని తేడా కానరాలేదు. తమకు మేలు కలిగినదని చెప్పినవారు మాత్రము ప్రత్యేకచికిత్స పొందినవారిలోనే ఎక్కువ. దీనిని బట్టి ఒక్క మందుతో తీరు వ్యాధి కాదని, రోగులందరు ఒకే తీరువారు కారని తెలియుచున్నది. కొందరు వారములలో లేచి నడుతురు. కొందరికి ఏండ్లు పట్టును. తొందరగ గుర్తించుట మేలని అనుభవజ్ఞుల మాట.

సీమకు ఈ విషయమున ఒక భాగ్యము కలదు. నాడీవైద్యమును మనోవైద్యమును ఒకే ఆవరణమున నడపు నిమ్హాన్స్ సంస్థ 1974లో బెంగుళూరున ఏర్పడెను. సీమవారికి అది రాత్రి బస్సెక్కిన తెల్లవారునప్పటికి చేరు దూరము. ఆ సంస్థవారే 1985 ప్రాంతమున పొరుగుననున్న బళ్ళారి జిల్లాలో ఒక ప్రయత్నము చేసిరి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల డాక్టర్లకు, ఆరోగ్యకార్యకర్తలకు మనోవ్యాధులను, మూర్ఛను గుర్తించి మందిచ్చుట నేర్పిరి. ఆ బళ్ళారి పద్ధతియే 1996లో దేశమంతట మొదలైన జిల్లా మానసికారోగ్య కార్యక్రమమునకు మాతృక. 1956లో నెలకొన్న కర్నూలు వైద్యకళాశాల, 2006లో వెలసిన కడప రిమ్స్ సీమకు చేతిలోనున్న సాధనములు. 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగున మాటలాడవచ్చును. కావలసిన క్రొత్త యంత్రములు పెక్కు లేవు. హూవర్ చిహ్నమునకు వైద్యుని అరచేయి చాలును. కావలసినది నాడీవైద్యుడు, మనోవైద్యుడు, వ్యాయామచికిత్సకుడు ఒకరినొకరు పలుకరించుకొనుట, ఒకరు మరియొకరిపై రోగిని నెట్టివేయకుండుట.

మంత్రాలయమునకును, కడప పెద్దదర్గాకును పోవువారిని వలదనుట పని కాదు. నమ్మకము బెదరిన గుండెకు బలమిచ్చును. అయితే నమ్మకముపేర కొట్టుట, పొగబెట్టుట, గొలుసు వేయుట మాత్రము సహింపరానివి. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము మనోరోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. చట్టము మరియొక మేలును చేసినది. హిందూ వివాహచట్టమున పెండ్లికి అడ్డంకిగ ఉండిన మూర్ఛరోగమను మాటను 1999 సవరణము తొలగించెను. చట్టమునుండి పోయిన మాట పెండ్లిచూపులనుండి ఇంకను పోలేదు. అందుచే ఆడపిల్ల పడిపోయిన ఇంట తలుపులు మూయుదురు, వైద్యునికి చూపక దాతురు. దాచిన ఏండ్లే వ్యాధికి ఎరువు.

తెలుగువారు ‘ఏమీ లేదు’ అను మాటను ఊరడింపుగ వాడుదురు. బిడ్డ పడి మోకాలు గీరుకొన్నను తల్లి మొదట అనునది అదే. ఆసుపత్రిలో మాత్రము ఆ మాటకు అర్థము మారినది. దాని స్థానమున మరియొక మాట రావలెను. ‘గాయము లేదు, రోగము ఉన్నది, మేము చూచెదము’ అని. ఇందులో మొదటి తునక భయమును తీర్చును, రెండవది అవమానమును తీర్చును, మూడవది రోగిని ఒంటరితనమునుండి తప్పించును. రోజునకు వందమందిని చూడవలసిన వైద్యునికైనను ఈ మాటలు పలుకుటకు అర నిమిషము చాలును. వానిని వినుటకై ఆ పడుచుపిల్ల ఎన్ని ఊళ్ళు తిరిగి వచ్చినదో తలచుకొన్నచో, ఆ అర నిమిషము ఎక్కువ కాదు.